బూట్‌లోడర్ చెడితే: రెండు ఓఎస్‌ల కంప్యూటర్, నాలుగు వాదాలు

తెనాలి, రేపల్లె, బాపట్ల, సూర్యలంక తీరం. ఈ ప్రాంతానికి ఇంజనీరింగ్ చదువు కొత్త కాదు. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ 1981లోనే మొదలైంది. గుంటూరు నుంచి తెనాలి వచ్చే దారిలో వడ్లమూడి దగ్గర విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది. సీఎస్ఈ చదివే పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ కోసం లినక్స్ కావాలి. ప్రాజెక్టు రిపోర్టుకూ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కూ ఆన్‌లైన్ పరీక్షలకూ విండోస్ కావాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్ కాబట్టి రెండూ అందులోనే వేసుకుంటారు. 2005 నుంచి తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలు కాలేజీల్లో పెట్టిన ఇన్‌స్టాల్ ఫెస్టుల వల్ల కూడా ఈ డ్యూయల్ బూట్ అలవాటు ఊళ్ల దాకా పాకింది.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాడు లినక్స్ కనబడదు. లేదంటే లినక్స్ పార్టిషన్ తీసేసిన సాయంత్రం విండోస్ కూడా రాదు, నల్ల తెర మీద ఒక ఇంగ్లిష్ ముక్క మెరుస్తూ ఉంటుంది. సలహాలకు మాత్రం కొదవ ఉండదు. ‘ఫిక్స్ ఎంబీఆర్ కొట్టు’ అని ఒకరు, ‘గ్రబ్ మళ్లీ వెయ్యి’ అని ఒకరు, ‘సెక్యూర్ బూట్ తీసెయ్’ అని ఇంకొకరు చెబుతారు. చివరికి షాపులో వినిపించేది ఒకటే మాట: ‘ఫార్మాట్ కొట్టేద్దాం.’ నాలుగేళ్ల నోట్సు, ఫొటోలు, సగం రాసిన ప్రాజెక్టు ఆ ఒక్క మాటతో పోతాయి.

నిజానికి ఆ సలహాల్లో చాలావరకు ఏదో ఒక కాలంలో సరైనవే. ఇరవయ్యేళ్ల నాటి మందును నేటి జబ్బుకు వాడటం వల్లే ఇంత గందరగోళం. కాబట్టి ముందు ఏది ఏ కాలానిదో విడదీసుకోవాలి.

చెడినది, చెడనిది

కంప్యూటర్ ఆన్ చేయగానే మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ మేల్కొంటుంది. దానికి విండోస్ గురించీ తెలియదు, లినక్స్ గురించీ తెలియదు. డిస్కులో ఒక నిర్ణీత చోట ఉన్న చిన్న ప్రోగ్రామును లేపి పని దానికి అప్పగిస్తుంది. ఆ చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్. అది అసలు ఓఎస్‌ను మెమొరీలోకి తెచ్చి తాను తప్పుకుంటుంది.

అందువల్ల బూట్‌లోడర్ చెడినంత మాత్రాన ఫైళ్లు పోవు. పుస్తకంలో విషయసూచిక చిరిగితే పాఠాలు ఎగిరిపోవు కదా, ఇదీ అంతే. లైవ్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ లేపి చూస్తే సి డ్రైవ్, హోమ్ ఫోల్డర్, ఫొటోలు చాలావరకు ఎక్కడివక్కడే కనిపిస్తాయి. మరమ్మతుకు దిగే ముందు వాటిని వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. ఫార్మాట్ గురించి ఆలోచించడం ఆ తర్వాతే. కింద చెప్పబోయే నాలుగు వాదాల వాళ్లూ ఏకీభవించే విషయం ఇదొక్కటే. ఆచరణలో అందరూ మరిచిపోయేదీ ఇదే.

446 బైట్ల కాలం

ఐబీఎం పీసీ 1981లో వచ్చింది. 1983లో పీసీ డాస్ 2.0తో హార్డ్ డిస్కుకు తోడ్పాటూ, దాంతోపాటే మాస్టర్ బూట్ రికార్డు, అంటే ఎంబీఆర్, వచ్చాయి. డిస్కులో మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో 446 బైట్లు ప్రోగ్రాముకు, 64 బైట్లు పార్టిషన్ల పట్టికకు, మిగిలిన 2 బైట్లు గుర్తుకు. ఆ 446 బైట్లలో ఒకరికే చోటుంది. విండోస్ ఇన్‌స్టాల్ అయితే అడగకుండానే అక్కడ కూర్చుంటుంది. అందుకే ‘ముందు విండోస్ వెయ్యి, తర్వాత లినక్స్ వెయ్యి’ అన్న సూత్రం పుట్టింది.

లినక్స్ వైపు మొదట నిలబడింది వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ 1992లో తెచ్చిన లిలో. దానికి ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటో తెలియదు, కెర్నెల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో అంకెలుగా రాసి పెట్టుకునేది. కెర్నెల్ మార్చి, లిలోను మళ్లీ నడపడం మరిచిపోతే కంప్యూటర్ లేవదు. అయితే ఒక మంచి గుణం ఉండేది. తన పేరులోని అక్షరాలను ఒక్కొక్కటిగా తెర మీద వేసేది కాబట్టి, ఏ అక్షరం దగ్గర ఆగిందో చూసి ఏ మెట్టు తప్పిందో చెప్పేయవచ్చు. నేటి మెరుగైన తెరల్లో అంత సూటి సమాచారం దొరకదు.

ఎరిక్ బోలిన్ 1995లో మొదలుపెట్టిన గ్రబ్ 1999లో గ్నూ ప్రాజెక్టులో చేరింది. అది ఫైల్ సిస్టమ్‌ను చదవగలదు కాబట్టి కెర్నెల్ మార్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నడపక్కర్లేదు. ఉబుంటు 2009 అక్టోబరులో 9.10 వెర్షన్‌తో గ్రబ్ 2కు మారింది. గ్రబ్ 446 బైట్లలో ఇమడదు, తన ప్రధాన భాగాన్ని ఎంబీఆర్‌కూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీగా ఉండే సెక్టార్లలో దాచుకుంటుంది. ఆ చోటు తనదని ఎక్కడా రాసి ఉండదు. ఫ్లెక్స్‌నెట్ లాంటి లైసెన్సు సాఫ్ట్‌వేర్ కూడా తన గుర్తులను అక్కడే రాసేది. ఫలానా డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచిన మర్నాడు లినక్స్ పోయిందంటే ఎవరూ నమ్మేవారు కాదు, కానీ అది నిజంగా జరిగింది. ఆ సెక్టార్లలో ఇలాంటి గుర్తులు ఉంటే కనిపెట్టి తప్పించుకునేలా, కొంత చెడినా సరిదిద్దుకునేలా గ్రబ్‌ను తర్వాత మార్చారు.

‘ఫిక్స్ ఎంబీఆర్’ మంత్రం ఈ కాలం నాటిది. అప్పట్లో అది నిజంగానే పనిచేసేది.

యూఈఎఫ్ఐ వచ్చాక

1990ల్లో ఇంటెల్ తన ఐటానియం సర్వర్ల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో యూఈఎఫ్ఐ ఫోరమ్ చేతికి వచ్చింది. 2012లో విండోస్ 8తో మామూలు ల్యాప్‌టాప్‌లన్నిటికీ అదే పద్ధతి అయింది. ఇక్కడ దాపుడు సెక్టార్లు లేవు. డిస్కులో ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది, దాన్ని ఈఎస్‌పీ అంటారు. అందులో మైక్రోసాఫ్ట్‌కు ఒక ఫోల్డర్, ఉబుంటుకు ఒక ఫోల్డర్, ఎవరిది వారిదే. ఏ ఫోల్డరును ముందు లేపాలో చెప్పే వరుస జాబితా మదర్‌బోర్డులోని చిప్‌లో ఉంటుంది.

జబ్బు స్వభావమే మారిపోయింది. పాతకాలంలో ఒకరు ఇంకొకరి ప్రోగ్రామును చెరిపేసేవారు. ఇప్పుడు ఎక్కువ సందర్భాల్లో ఇద్దరి ప్రోగ్రాములూ క్షేమం, జాబితాలో వరుస మాత్రం మారుతుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత విండోస్ బూట్ మేనేజర్ మొదటి స్థానానికి రావడం మామూలే. అప్పుడు చేయాల్సిందల్లా ఆన్ చేస్తూ ఎఫ్2, ఎఫ్12, ఎస్కేప్‌లలో ఆ కంపెనీ పెట్టిన కీ నొక్కి, బూట్ వరుసలో ఉబుంటును పైకి జరపడం. ఇలాంటి యంత్రం మీద ఫిక్స్ ఎంబీఆర్ కొడితే, ఫర్మ్‌వేర్ చూడనైనా చూడని సెక్టారులో ఏదో రాసినట్టవుతుంది. యూఈఎఫ్ఐలో విండోస్ బూట్ ఫైళ్లను తిరిగి పెట్టేది బీసీడీబూట్ అనే ఆదేశం.

కాబట్టి అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది, యంత్రం పాత బయోస్ పద్ధతిలో లేస్తోందా, యూఈఎఫ్ఐ పద్ధతిలోనా అన్నదే. విండోస్ లేస్తుంటే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో ‘బయోస్ మోడ్’ అన్న వరుస చూడాలి. లైవ్ లినక్స్‌లో అయితే సిస్, ఫర్మ్‌వేర్ ఫోల్డర్ల లోపల ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందా అని చూడాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో లేపాలి. యూఈఎఫ్ఐ యంత్రంలో దాన్ని పాత పద్ధతిలో లేపి గ్రబ్ వేస్తే, వేయడం విజయవంతం అని చెబుతూనే పనికిరాని చోట వేస్తుంది. గంటల కొద్దీ శ్రమ వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

నాలుగు వాదాలు

మొదటిది విండోస్‌దే పెత్తనం అనే వాదం. ఎక్కువమంది రోజూ వాడేది, డబ్బు పెట్టి కొన్నది విండోస్ కాబట్టి దాని లోడర్‌ను అసలు కదపకూడదు, చెడితే దాని రికవరీ పెన్‌డ్రైవ్‌తోనే బాగుచేసుకోవాలి, లినక్స్‌ను ఆ మెనూలోనే ఒక అతిథిగా ఉంచాలి అంటారు. ఈజీబీసీడీ లాంటి పనిముట్లు ఎంబీఆర్ కాలంలో ఇందుకు బాగా పనికొచ్చాయి. యూఈఎఫ్ఐలో, నమ్మిన సంతకం ఉన్న లోడర్‌నే లేపనిచ్చే సెక్యూర్ బూట్ ఉండగా విండోస్ మెనూ నుంచి లినక్స్‌ను లేపడం కుదరదు కాబట్టి ఈ వాదం సగం బలం కోల్పోయింది.

రెండోది గ్రబ్ వాదం, కాలేజీల్లో ఎక్కువగా వినిపించేది. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, అసలు లినక్స్ పార్టిషన్‌నూ ఈఎస్‌పీనీ మౌంట్ చేసి, క్రూట్ ఆదేశంతో ఆ లినక్స్ లోపలికి వెళ్లి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. అర్థం చేసుకుని చేస్తే దీనంత నమ్మకమైన పద్ధతి లేదు. అయితే ఉబుంటులో సరైన ఆదేశమే ఫెడోరాలో తప్పు. ఫెడోరాలో యూఈఎఫ్ఐ యంత్రం మీద గ్రబ్-ఇన్‌స్టాల్ వాడవద్దు, గ్రబ్‌కు ముందు లేచే షిమ్, గ్రబ్ ప్యాకేజీలనే మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారు. సెక్యూర్ బూట్ అడిగే సంతకం ఉన్న ఫైళ్లు ప్యాకేజీలోనే ఉంటాయి, స్థానికంగా తయారైన గ్రబ్‌కు ఆ సంతకం ఉండదు.

ఇక్కడే ఒక చిన్న ఘట్టాన్ని దగ్గరగా చూడాలి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో లినక్స్ పార్టిషన్ తీసేశాక వచ్చే ‘గ్రబ్ రెస్క్యూ’ తెర అది. పాత పద్ధతి యంత్రాల్లో గ్రబ్ మొదటి ముక్క మిగిలి ఉంటుంది, మిగతా ముక్కలు ఉన్న పార్టిషన్ పోయి ఉంటుంది. ఆ ముక్కకు తెలిసిన మాటలు నాలుగైదే. ‘ఎల్ఎస్’ కొడితే పార్టిషన్ల జాబితా చూపిస్తుంది. నిజంగా లినక్స్ పోకుండా పార్టిషన్ల సంఖ్యలే మారి ఉంటే, ఒక్కొక్క దానిలో బూట్ ఫోల్డర్ ఉందేమో వెతికి, దొరికిన చోటును ‘ప్రిఫిక్స్’గా, ‘రూట్’గా సెట్ చేసి, ‘ఇన్స్‌మాడ్ నార్మల్’, ఆపైన ‘నార్మల్’ కొడితే మామూలు మెనూ వస్తుంది. అది ఆ ఒక్కసారికే. లోపలికి వెళ్లాక గ్రబ్‌ను తిరిగి వేయాలి. లినక్స్ నిజంగానే పోయి ఉంటే మాత్రం ఆ తెర దగ్గర కూర్చుని లాభం లేదు, విండోస్ రికవరీ వైపు వెళ్లాలి. ఈ రెండింటి తేడా తెలియకనే చాలా ల్యాప్‌టాప్‌లు ఫార్మాట్ అవుతున్నాయి.

గ్రబ్ మీద వచ్చే విమర్శ కూడా బలమైనదే. అది పెద్దది, సంక్లిష్టమైనది. 2021 జూన్‌లో వచ్చిన 2.06 నుంచి, పక్క ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత పేరుతో ముందే ఆపి ఉంచారు. దాంతో చాలామందికి మెనూలోంచి విండోస్ మాయమైంది. డీఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్లో ఒక్క వరుస మారిస్తే సరిపోయే పని అది. 2022 ఆగస్టులో ఆర్చ్ లినక్స్ వాడేవారికి ఇంకో దెబ్బ తగిలింది. ప్యాకేజీ అప్‌డేట్ అయినా ఈఎస్‌పీలోని గ్రబ్ పాతదే ఉంది. కొత్తగా తయారైన కాన్ఫిగ్‌లోని ఒక ఆదేశం దానికి అర్థం కాక, యంత్రం మళ్లీ మళ్లీ ఫర్మ్‌వేర్ తెరకే తిరిగింది.

మూడో వాదం, యూఈఎఫ్ఐలోనే మెనూ ఉండగా ఇంకో పెద్ద మెనూ ఎందుకు అంటుంది. రోడ్రిక్ స్మిత్ 2012లో తెచ్చిన రెఫైండ్, 2015లో సిస్టమ్‌డిలో కలిసిన సిస్టమ్‌డి-బూట్ ఈ కోవలోవి. రెఫైండ్ ప్రతిసారీ ఈఎస్‌పీని వెతికి ఎవరెవరు ఉన్నారో తానే చూపిస్తుంది కాబట్టి కాన్ఫిగ్ పాతబడే బాధ తక్కువ. సిస్టమ్‌డి-బూట్ మామూలుగా కెర్నెల్‌ను ఈఎస్‌పీలోనే పెట్టమంటుంది. విండోస్ ముందే వేసి ఇచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ పార్టిషన్ 100 ఎంబీయే కాబట్టి రెండు కెర్నెళ్లకే నిండిపోతుంది.

నాలుగోది, అసలు కలపవద్దనే వాదం. రెండు డిస్కులు పెట్టుకో, లేదా విండోస్ లోపలే వర్చువల్ మెషీన్‌లోనో, 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన డబ్ల్యూఎస్ఎల్‌లోనో లినక్స్ నడుపుకో అంటారు. ల్యాబ్ ఎక్సర్‌సైజులకు ఇది చాలు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రాన్ని హాయిగా నడపాలంటే మాత్రం చాలదు. పేద విద్యార్థికి పాత ల్యాప్‌టాప్ దక్కితే లినక్స్‌ను నేరుగా వేసుకోవడమే మార్గం.

పక్కపక్కన పెట్టి చూస్తే

విండోస్ పనిముట్లతో చేసే మరమ్మతు తక్కువ సమయంలో అవుతుంది, కానీ విండోస్ ఒక్కదాన్నే రక్షిస్తుంది. గ్రబ్ పద్ధతి రెండింటినీ తెస్తుంది కానీ చేసేవారికి తమ డిస్కు నిర్మాణం తెలిసి ఉండాలి. మూడో దారిలో చెడే భాగాలు తక్కువ, ఫర్మ్‌వేర్ నాణ్యత మీద ఆధారం ఎక్కువ. అన్ని ఫర్మ్‌వేర్‌లూ నమ్మదగినవి కావు. 2013 జనవరిలో కొన్ని శామ్‌సంగ్ ల్యాప్‌టాప్‌లు లినక్స్ లేపినందుకే పూర్తిగా చచ్చిపోయాయి. చిప్‌లోని ఆ చిన్న నిల్వను సరిగా సంభాళించలేని లోపం ఫర్మ్‌వేర్‌ది. నాలుగో దారి అన్నిటికంటే భద్రం, యంత్రం బలంగా ఉంటే.

బూట్-రిపేర్ లాంటి ఒక్క నొక్కు పనిముట్ల మీద కూడా వాదన ఉంది. అవి చాలామందిని గట్టెక్కించాయి. ఏం మార్చాయో చూడకుండా నొక్కితే, ఒక్క వరుస మార్పు సరిపోయే చోట పది మార్పులు జరగవచ్చు. ముందు దాని సమాచార నివేదిక తయారు చేయించుకుని, చదివి, ఆ తర్వాతే మరమ్మతు బటన్ నొక్కడం మేలు.

నా మొగ్గు మూడో దారికి, రెండో దారి నేర్చుకుని ఉండాలన్న షరతుతో. విండోస్ లోడర్‌ను దాని ఫోల్డర్‌లోనే ఉండనివ్వాలి, లినక్స్‌ది లినక్స్ ఫోల్డర్‌లో ఉండాలి, ఎంపిక ఫర్మ్‌వేర్ దగ్గర జరగాలి. ఏది చెడినా రెండోది లేస్తుంది, బాగుచేయడానికి చేతిలో ఒక కంప్యూటర్ మిగిలి ఉంటుంది.

తాళాల తగాదా

సెక్యూర్ బూట్ వచ్చాక, నమ్మిన సంతకం ఉన్న లోడర్‌నే ఫర్మ్‌వేర్ లేపుతుంది. ఆ సంతకం దాదాపు అన్ని యంత్రాల్లోనూ మైక్రోసాఫ్ట్‌దే. లినక్స్ వారు షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు ఆ సంతకం చేయించుకుని, దాని ద్వారా గ్రబ్‌ను లేపుతారు. 2020 జులైలో గ్రబ్‌లో ‘బూట్‌హోల్’ లోపం బయటపడ్డాక, పాత లోడర్లను తరాల వారీగా రద్దు చేసే ఎస్‌బాట్ పద్ధతి వచ్చింది.

2024 ఆగస్టు 13 నాటి విండోస్ అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ ఆ రద్దు జాబితాను పంపింది. డ్యూయల్ బూట్ యంత్రాలకు అది వెళ్లదని ముందే చెప్పినా, కొన్నిటిని గుర్తించలేక వాటికీ పంపింది. మర్నాడు లినక్స్ ఎంచుకుంటే, ఎస్‌బాట్ పరీక్ష విఫలమైందని, ఏదో ఘోరంగా తప్పిందని చెప్పి యంత్రం ఆగిపోయేది. విరుగుడు: సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, సెక్యూర్ బూట్ తాళాలను చూసుకునే మోక్‌యుటిల్‌తో ఆ ఎస్‌బాట్ విధానాన్ని తొలగించి, రీబూట్ చేసి, మళ్లీ సెక్యూర్ బూట్ ఆన్ చేయడం. మైక్రోసాఫ్ట్ వైపు నుంచి పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్లతో గానీ రాలేదు. పాత షిమ్‌లో లోపం ఉన్న మాట నిజమే. అయినా ఇంకొకరి ఓఎస్‌ను లేవకుండా చేసే మార్పును వాడుకదారుకు ముందు చూపించి అడగాల్సింది. ఆ బాధ్యత నెరవేరలేదు.

విండోస్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఇంకా సున్నితమైనది. బూట్ అయ్యే దారిలో ఏ మార్పు జరిగినా తాళపుచెవిని దాచి ఉంచే టీపీఎం చిప్ దాన్ని ఇవ్వదు, విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఈ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయ్యే యంత్రాలు పెరిగాయి. తమ యంత్రంలో అది ఆన్ అయి ఉందని తెలియని వాళ్లే ఎక్కువ. సెక్యూర్ బూట్‌ను తాకే ముందు మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ కాగితం మీద రాసుకోవాలి, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచాలి. కీ లేకపోతే డిస్కులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నా ఎవరూ తెరవలేరు. బూట్‌లోడర్ సమస్య నిజమైన నష్టంగా మారే చోటు ఇదొక్కటే.

ఈ తీరంలో

మరమ్మతుకు లైవ్ పెన్‌డ్రైవ్ కావాలి. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఫైలు దాదాపు 6 జీబీ. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ వచ్చే ప్రీపెయిడ్ ప్యాక్ మీద అది మూడు నాలుగు రోజుల కోటా. యంత్రం చెడిన రోజున ఫోన్‌లో దించుకుందామంటే అయ్యే పని కాదు. కొన్ని పదుల ఎంబీల్లోపే ఉండే సూపర్ గ్రబ్2 డిస్క్, అంతకంటే చిన్నదైన రెఫైండ్ పెన్‌డ్రైవ్ ఇమేజ్ ఇందుకు చాలా సందర్భాల్లో చాలు. అవి చెడిన లోడర్‌ను పక్కనబెట్టి ఉన్న ఓఎస్‌ను లేపేస్తాయి, మిగతా పని లోపలికి వెళ్లాక చేసుకోవచ్చు. హాస్టల్ బ్లాకుకు ఒకటి చొప్పున ఇలాంటి పెన్‌డ్రైవ్ ఉంచితే ఎన్నో ఫార్మాట్లు తప్పుతాయి.

కరెంటు మాట కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, అలాంటి రోజుల్లో కరెంటు ఎప్పుడైనా పోవచ్చు. ఈఎస్‌పీ వాడే ఫ్యాట్32కు జర్నల్ లేదు. అందులో రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన ఫైలు సగంగానే మిగులుతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఆసరా ఉంది, యూపీఎస్ లేని ల్యాబ్ డెస్క్‌టాప్‌కు లేదు. ఈఎస్‌పీ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి దాచుకుంటే సాధారణంగా వంద ఎంబీ కూడా పట్టదు.

మరమ్మతు అయ్యాక గడియారం తప్పు చూపిస్తే కంగారు పడి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్ని స్థానిక సమయంగా చదువుతుంది. అందుకే ఉదయం 11 గంటలకు విండోస్ 5:30 చూపిస్తుంది. లినక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్‌తో ఒక్క ఆదేశం ఇస్తే ఇద్దరూ ఒకే సమయం చెబుతారు.

ఇంకా తేలనివి

2025 అక్టోబరు 14న విండోస్ 10కు తోడ్పాటు ముగిసింది. టీపీఎం 2.0 లేని యంత్రాలు విండోస్ 11కు అధికారికంగా అర్హం కావు. పాత యంత్రాల్లో లినక్స్ వేసుకునేవారు పెరిగే కొద్దీ ఈ మరమ్మతుల అవసరం కూడా పెరుగుతుంది. ఓఎస్-ప్రోబర్‌ను ఆపి ఉంచడం సబబా, మెనూ బాధ్యత ఫర్మ్‌వేర్‌దా లోడర్‌దా అన్నవి డిస్ట్రిబ్యూషన్ల మధ్య ఇంకా తెగలేదు.

అన్నిటికంటే దగ్గరగా ఉన్నది సంతకాల గడువు. సెక్యూర్ బూట్ కోసం మైక్రోసాఫ్ట్ 2011లో ఇచ్చిన సర్టిఫికెట్లలో లినక్స్ షిమ్‌కు ఆధారమైనదాని గడువు 2026 జూన్. ఫర్మ్‌వేర్‌లు మామూలుగా తేదీ చూడవు కాబట్టి ఇప్పుడు లేస్తున్న లోడర్లు ఆ రోజుతో ఆగిపోవు. చిక్కు కొత్త షిమ్‌లతో. దాని స్థానంలో మైక్రోసాఫ్ట్ తెచ్చిన 2023 సర్టిఫికెట్‌తో మాత్రమే సంతకమైన షిమ్ లేవాలంటే ఆ సర్టిఫికెట్ మదర్‌బోర్డులో ముందే ఉండాలి. విండోస్ అప్‌డేట్ ద్వారానో, లినక్స్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు తెచ్చే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ ద్వారానో అది చేరవచ్చు. కంపెనీ ఎప్పుడో ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆపేసిన పాత ల్యాబ్ యంత్రాల్లో చేరకపోనూవచ్చు. బాపట్లలోనైనా వడ్లమూడిలోనైనా ల్యాబ్ చూసుకునేవారు కొత్త డిస్ట్రిబ్యూషన్ వేసే ముందు ఒక్కో యంత్రంలో మోక్‌యుటిల్‌తో ఆ 2023 సర్టిఫికెట్ ఉందో లేదో చూసి, లేనివాటిని విడిగా రాసి పెట్టుకోవాలి.